పది రోజులూ చెప్పని పేరు

హలో… ఎవరూ? … ఆఁ ఫుంగ్ అన్నా, నేనే, యుక్లిన్‌ని. గొంతు బొంగురుపోయిందిలెండి, అందుకే పోల్చుకోలేదు…

పొద్దున ఎనిమిదింటికి పోలీసులు వదిలారు. ఇందాకే ఇల్లు చేరా… లేదు, కొట్టలేదు. పన్నెండు మంది ఆడవాళ్ళం, ఒకటే చెక్కబల్ల. ఒకరు పక్కకి తిరగాలంటే అందరం తిరగాల్సిందే…

తిన్నానా? మాక్ పిన్ని వచ్చిందిగా. పంపరపనస ఆకులు మరిగించి ఆ నీళ్ళు నెత్తిన పోసింది, పీడ వదులుతుందని. ఇప్పుడు వంటింట్లో పంది మాంసం వేసి గంజి కాస్తోంది… ఆవిడేనన్నా, మన కిట్ వాళ్ళమ్మ. ఇంటింటికీ పార్సిళ్ళు అందించే కొడుకుని ఆ పోలీస్ స్టేషన్లో పోగొట్టుకున్న మనిషి, నాకు పీడ వదిలిస్తోంది. చూడండి మరి.

… ఏ కామెంటు గురించి అడిగారంటారేంటన్నా? ఉన్నది ఒకటేగా. "కిట్ తన కాళ్ళ మీద లోపలికెళ్ళాడు. ఆ రెండు గంటలూ స్టేషన్లో కెమెరాలన్నీ ఒక్కసారే ఎందుకు పాడయ్యాయి?" ఆన్‌లైన్లో, వీబోలో, రెండు ముక్కలు. దానికి పది రోజులు లోపల. గొడవలు రేపుతున్నానట.

… కాదనట్లేదే. నా ఖాతాలోంచే పెట్టా.

… హామీ పత్రమా? … మీ చేతికెవరిచ్చారు? … లాయర్ల లైసెన్సుల ఆఫీసు వాళ్ళా. ఊఁ… ఇకమీదట నోరెత్తనని, కిట్ కేసు వదిలేస్తానని రాసిస్తే నా లైసెన్సు ఉంటుంది. లేకపోతే పోతుంది… సరే, మీరేమంటారు? …

రాసిచ్చెయ్యమంటారు.

అన్నా, ఒక మాట అడగనా? మూడో రోజు నా ముందొక కాగితం పెట్టారు. కళ్ళజోడు లాగేసుకున్నారుగా, ముక్కుకి ఆనించుకుని చదివా. "నేను వద్దని ఎంతో చెప్పాను, ఆమె వినలేదు. మొదటినుంచీ దుందుడుకు మనిషి." కింద సంతకం, వేలిముద్ర…

… దొంగ సంతకం అనకండి. పదహారేళ్ళు మీ పక్క బల్ల దగ్గర కూర్చుని పని నేర్చుకున్నదాన్ని. మీ సంతకం నాకు తెలీదా?

… ఊఁ… మీ ఇంటికొచ్చారా… మీ అమ్మాయి కాలేజీ సీటు గురించి మాట్లాడారా… ఊఁ…

భయపడ్డారు. తప్పు పట్టనన్నా. నాకు భయం లేదా? రాత్రీ పగలూ లైట్లు వెలుగుతూనే ఉంటే, అమ్మ మొహం కూడా గుర్తుకు రాలేదు నాకు… కానీ "వద్దని చెప్పాను" అని ఎలా రాశారు? ఆ రెండు ముక్కలు రాసిందెవరు? మీరు కాదూ? "నువ్వు పెట్టు, నీ మాటైతే జనం వింటారు" అన్నదెవరు? నేను పెట్టీ పెట్టగానే, మీరు నాకు పంపిన మెసేజ్ వెనక్కి తీసేసుకున్నారు. జాగ్రత్త మనిషి అనుకున్నా. పిచ్చిదాన్ని.

… అరవకండి. పిన్నికి వినపడుతుంది.

… ఏంటీ? మళ్ళీ అనండి…

"నా పేరు చెప్పావా?"

ఓహో. ఇందుకా ఫోను. ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా, కొట్టారా… ఇవన్నీ దీనికోసమా.

చెప్పలేదు.

… నిజంగానే చెప్పలేదు. రోజూ అదే ప్రశ్న, "నీ వెనకాల ఎవరున్నారు, రాసిచ్చిందెవరు" అని. ఆ కాగితం చూపించాక కూడా అడిగారు. మీ సంతకం మీద వేలు పెట్టి మరీ అడిగారు. నేనే రాశానని చెప్పా…

హమ్మయ్య అనుకున్నారు కదూ? ఆ ఊపిరి ఇక్కడిదాకా వినపడింది.

… వద్దు, థాంక్సులొద్దు. మీకోసం చెయ్యలేదు… కాదులెండి, అబద్ధమెందుకు, మీకోసమే. ఆ రోజుకింకా మీరు నాకు అన్నే.

… రాసివ్వను. పద్దెనిమిదో తారీఖున కిట్ కేసు వాయిదాకి వెళ్తున్నా. లైసెన్సు పీకేలోపు ఆ ఒక్క వాయిదా దొరికితే చాలు. ఆ రెండు గంటల రికార్డు ఇప్పించమని జడ్జి ముందు నిలబడి అడుగుతా, అందరూ వినేలా… వకాల్తాలోంచి మీ పేరు తీయించేస్తున్నా. పిన్నికి నేనే చెప్తా…

ఏం చెప్తానా? … దానిక్కూడా భయమేనా? మీకు ఒంట్లో బాగోలేదని చెప్తాలెండి.

… ఆఁ? …

ఈ కాల్ రికార్డు చేస్తున్నానా?

…

లేదండీ ఫుంగ్ గారూ. చెయ్యట్లేదు… ఉంటాను.