లండన్‌కి ఐదు గంటలు

గచ్చిబౌలిలో రాజేందర్ టీ బండి దగ్గర సాయంత్రం రామ్మోహనరావుగారు వచ్చి నిలబడ్డారంటే, లేవబోతున్నవాళ్లు కూడా ఇంకో టీ చెప్పేవారు. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పాతికేళ్లుగా ఉద్యోగులకి విమానం టికెట్లు తీసే పనిలో ఉన్నారు. ఏ ఊరు ఎంత దూరమో, ఎన్ని గంటలో ఆయనకి నోటికి వచ్చు.

ఆ రోజు సెలీనా కూడా వచ్చింది. పక్క ఆసుపత్రిలో నర్సు. లండన్‌లో ఉద్యోగమొచ్చింది, సోమవారం ప్రయాణం, విమానం ఎక్కడం ఇదే మొదలు. ఏడువేల ఏడువందల కిలోమీటర్లు, పది గంటలు గాల్లోనే అని ఫోన్‌లో చూసినప్పటినుంచి అన్నం సయించడం లేదని, మానేద్దామనుకుంటున్నానని చెప్పింది.

అది విన్నాక రామ్మోహనరావుగారు ఊరుకోలేకపోయారు.

"పది గంటలు మామూలువాళ్లకమ్మా. నేను వెళ్లినప్పుడు ఎనిమిదే పట్టింది," అన్నారు.

ఎలాగంటే, బయల్దేరిన గంటకే ఎదురుగాలి తగిలిందట, పైలట్ ఈయన సీటు దగ్గరికొచ్చి మీరే దిక్కన్నాడట, ఈయన లేచి వెనకున్న లావుపాటివాళ్లందర్నీ ముందుకి కూర్చోబెడితే, విమానం పల్లంలో సైకిల్లా జారిందట. ఎనిమిది కాస్తా ఏడయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఆయనే అడిగి, ఆయనే చెప్పారు. ఎడారి మీద వేడిగాలి రెక్కల్ని ఎత్తుకుపోతే ఆరు. సముద్రం మీద ఆకలేసి పులిహోర పొట్లం విప్పితే, ఆ వాసనకి పైలట్ తొందరగా దింపేసి తినాలని ఒకటే తొక్కుడు.

"అయిదు గంటలల్ల దిగిన్రా సార్?" అన్నాడు రాజేందర్ టీ వడపోస్తూ.

"అక్కడి గడియారం మనకన్నా ఐదున్నర గంటలు వెనక కదయ్యా. అంటే బయల్దేరడానికి అరగంట ముందే దిగానన్నమాట. అక్కణ్నుంచి శంషాబాద్‌కి ఫోన్ చేస్తే, క్యూలో నిలబడ్డ నేనే ఎత్తాను. నువ్వేం కంగారుపడకు, క్షేమంగా చేరావని నాకు నేనే చెప్పుకున్నాను."

సెలీనాకి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, విమానం పైకి లేచేటప్పుడు భయం వెయ్యలేదా అంకుల్ అని అడిగింది.

"భయమా? నాకా?" అన్నారాయన ఛాతీ విరిచి.

రాజేందర్ గిన్నె దించాడు. "నిన్న మూసాపేట మెట్రోల ఎస్కలేటర్ మీద కాలు పెట్టనీకి భయపడి, మెట్లెక్కి పోయిన్రు గద సార్. నేను మీ ఎన్కనే ఉన్న."

అందరూ గొల్లుమన్నారు. రామ్మోహనరావుగారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ నవ్వుల మధ్యే సెలీనా తల్లికి ఫోన్ చేసి, సోమవారం వెళ్తున్నాను, బట్టలు సర్దమ్మా అనడం ఆయన విన్నారు. ఇంక ఏ ఎస్కలేటర్ ఆయన్నేం చేస్తుంది. మరో టీ చెప్పి, తీరిగ్గా రాజేందర్ వైపు తిరిగారు.

"ఎస్కలేటర్‌కి పైలట్ ఉండడు కదయ్యా."