బాలమల్లు దవడల బోరు

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ముందుగాల గీ రెండు పండ్లు సూసి నవ్వుండ్రి" అంటూ బాలమల్లు చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, పెదవి పక్కకు లాగి కింది దవడ చూపించాడు.

శామీర్‌పేట బస్టాపు పక్కన పరమేశ్ చాయ్ హోటల్ అది. బాలమల్లుది అక్కడి చెరువులో చేపలు పట్టే పని. ఎదురుగా కూర్చున్నాయన కొత్త కాలనీలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు రాజారావు. ఆయనకి పై పళ్లు నాలుగు లేవు. రెండేళ్లుగా జావే తిండి. ఎముకలో స్క్రూ బిగించి పెట్టే ఇంప్లాంట్ పళ్లు పెట్టించుకుందామని మేడ్చల్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లి, గుమ్మంలోంచే తిరిగొచ్చేశాడు. సోమవారం మళ్లీ రమ్మన్నారు.

"నిజం చెప్పండి బాలమల్లుగారూ, ఆ రెండూ అక్కడే పెట్టించుకున్నారు కదా, నొప్పి పుట్టిందా?"

"నొప్పా? సార్, డాక్టరమ్మ సూది వట్టుకొని వస్తే నేను రెప్ప గూడ కొట్టలే. 'వద్దమ్మా, గా మందు భయపడెటోళ్లకు దాసిపెట్టు' అన్న. ఆమె పరేషాన్! ఇగ స్క్రూ ఎక్కియ్యాలంటే బొక్కకు, గదే మీ దిక్కు ఎముకంటరు గదా సార్, దానికి తూటు వెయ్యాలె. మిషన్ పెట్టింది. గుర్రుమన్నది, గుర్రుమన్నది, టప్పున ముల్లు ఇరిగింది. ఇంకోటి పెట్టింది, అదీ ఇరిగింది. మూడోదానికి పొగొచ్చింది. చిన్నప్పటి సంది కొర్రమీను ముండ్లతోని సహా నమిలిన దవడ మరి! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"దవాఖానకు తాళమేసిన్రా అన్నా?" అన్నాడు పరమేశ్, చాయ్ వడపోస్తూ.

"బోరుబండిని పిలిపిచ్చిన్రు!"

రాజారావు గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. "నోట్లోకి బోరుబండా?"

"నోట్లకు బండి ఎట్లొస్తది సార్, సదువుకున్నోళ్లు మీరే గట్లంటే ఎట్ల? బండి రోడ్డు మీదనే ఆగింది, రాడ్డు కిటికీలకెళ్లి లోపటికి తెచ్చిన్రు. నేను కుర్సీల పండుకొని 'జర ఎడమకు, ఇంకా జర, ఆ, బస్' అని చేత్తోని సైగ జేస్తున్న. ఇరవై ఫీట్లు దింపిన్రు, బండ. నలభై ఫీట్లు, బండ. తెల్ల దుమ్ము లేసి దుండిగల్ దాంక కమ్మింది, గాడ ఇమానాలు దిగనీకె జాగ కనవడక పైన్నే తిరుగుతున్నయ్. నూటిరవై ఫీట్ల కాడ..."

"మీ దవడ నూట ఇరవై అడుగుల లోతా?" లెక్కల మాస్టారు ఉండబట్టలేకపోయాడు.

"మీరు టేపు తీయకుండ్రి సార్, ఇనుండ్రి. నూటిరవై కాడ తడి తగిలింది. నీళ్లు! నా నోట్లకెళ్లి మూడంతస్తుల ఎత్తు లేసినయ్. నోరు మూస్తే ముక్కులకెళ్లి వస్తున్నయ్. దవాఖాన నిండింది, పేషెంట్లు కుర్సీలతోని సహా తేలుకుంట రోడ్డు మీదికొచ్చిన్రు. గా నీళ్లు తుర్కపల్లి దిక్కు మళ్లినయ్. మందుల కంపెనీలోళ్లు సీసాలు వట్టుకొని లైన్ గట్టిన్రు, గిసోంటి నీళ్లు మా ల్యాబుల లేవని. ఆడికెళ్లి సీదా మన చెరువుల వడ్డయ్. నడి ఎండకాలంల చెరువు నిండి మత్తడి దుంకింది సార్! చెరువు పక్క పార్కుల ఉండే జింకలన్నీ గుట్టెక్కినయ్. ఇగ డాక్టరమ్మ రెండు చేతులెత్తి మొక్కింది, 'మామా, ఊరు మునుగుతాంది, జల్దీ ఏమన్న జెయ్యి' అని. నేనేం జేసిన? స్క్రూ గుంజుకున్న, గీ బొటనేలుతోని ఒక్క ఒత్తుడు ఒత్తిన. బందు!"

"బోరుబండి ఒచ్చింది నిజమే సార్" అని వెనకనుంచి ఒక గొంతు.

బాలమల్లు భార్య ఐలమ్మ. చేపలు అమ్మేసి ఖాళీ గంపతో ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. సాక్షి దొరికిందని బాలమల్లు ముఖం వెలిగిపోయింది.

"గా దినం దవాఖాన పక్కింటోళ్లు బోరేపిస్తున్నరు" అంది ఐలమ్మ గంప దించుతూ. "గా సప్పుడు ఇని, గీయన గది తన నోట్లకే వస్తాందనుకొని, సూది ఇయ్యకముందే కుర్సీలకెళ్లి లేసి ఉరికిండు. మెట్ల కాడ దొరకవట్టి తెచ్చి కూసోవెట్టిన. పని అయినంతసేపు నా చెయ్యి ఇడువలే. ఎడమ చేతి గాజులన్నీ పలిగినయ్."

పరమేశ్ నవ్వాపుకోలేక పొయ్యి దగ్గరికి తిరిగిపోయాడు.

రాజారావు మాత్రం ముందుకు వంగాడు. "మరి నొప్పి, అమ్మా?"

"సూది గుచ్చినప్పుడు జర సుర్రుమన్నదంట. ఆ తర్వాత ఏం తెల్వలే సార్. స్క్రూ ఎక్కిచ్చినంక గూడ 'ఎప్పుడు మొదలుపెడ్తవ్ బిడ్డా' అని డాక్టరమ్మనే అడిగిండు. రెండు దినాలు బుగ్గ వాసింది. మూన్నెల్లకు పైన పండ్లు బిగిచ్చిన్రు. ఇప్పుడు మక్కకంకి గూడ తింటుండు."

రాజారావు పెద్దగా నవ్వాడు. ఎప్పుడూ నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి ఈసారి పెట్టుకోలేదు. "బాలమల్లుగారూ, మీ బోరు కథ వింటూ సోమవారం కూడా మానేద్దామనుకున్నానండీ. మీరు పారిపోయారని తెలిశాక ధైర్యం వచ్చింది. వెళ్తాను."

బాలమల్లు ఏమాత్రం తగ్గలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒక్కలే ఎందుకు సార్, నేనొస్త. లోపటికొచ్చి మీ పక్కన్నే నిలవడ్త."

"నువ్వు లోపటికి పోతే" అంది ఐలమ్మ, "ముందుగాల నీ చెయ్యి సారు వట్టుకోవాలె."