మూల గది కిటికీ

భోజనాల బల్ల ఖాళీ చెయ్యమని అత్తగారు, ఒక్క నిమిషమని కోడలు, సాయంత్రం నుంచీ అంటూనే ఉన్నారు.

"తినే బల్ల మీద ఇదేం కాపురం తల్లీ?"

"దూరంగా ఉన్న కంప్యూటర్‌తో మాట్లాడుతున్నానత్తయ్యా. మామూలు ఫైల్ తెరిచినట్టే దానికి దారి తెరుస్తాను. ఒక వాక్యం రాస్తాను, జవాబు చదువుతాను. దారిలో ఎవరూ చదవకుండా తాళం అదే వేసుకుంటుంది."

"మరి కలగంటున్నట్టు చూస్తున్నావేం?"

"జవాబు రావట్లేదు. దాని మాట కోసం నేను, నా మాట కోసం అది... అయ్యో! నేను రాసింది ఇంకా ఇక్కడే ఉంది. ఫైల్లో రాసినప్పటిలాగే మన మాటల్ని ఈ కంప్యూటర్ కొంత పోగేసుకుని ఆగుతుంది, మనమే బయటికి తొయ్యాలి. మర్చిపోయాను."

"పంపకుండానే జవాబు కోసం కూర్చున్నావా? సరిపోయింది. ఆ మూల గది వంక కూడా అలాగే చూస్తుంటావు. నోరు తెరిచి అడిగావా?"

"మామయ్యగారి గది కదా. ఆయన చొక్కాలింకా మీరు తియ్యనేలేదు."

"అడుగు."

"ఆ కిటికీ దగ్గర పని చేసుకోనా, అత్తయ్యా?"

అందరూ కంచాల ముందు కూర్చున్నాక అత్తగారు మెల్లగా అన్నారు.

"రేపట్నుంచి మూల గది కోడలిది. ఆయన కుర్చీ మాత్రం తియ్యకండి. అందులోనే కూర్చుంటుంది."