పోర్టు గేటు ఫర్జానీ

ముందా బూట్లు విప్పవే ఎమ్నా, తిండి ఎక్కడికీ పోదు. ఏదీ, ఆ పాదం ఇటు పెట్టు. వేళ్ళ కింద ఎలా కందిపోయిందో చూడు. పోలీసులో చేరి నెల కాలేదు, అప్పుడే ఇలాగా? నీకు ఫర్జానీ సంగతి చెప్పాలి. లేదులే, నువ్వు చూళ్ళేదు, నువ్వు పుట్టకముందే పోయాడు. బిజెర్తా పోర్టు గేటు దగ్గర వాడూ నేనూ కలిసి కాపలా కాసేవాళ్ళం. మనిషి తలుపంత ఉండేవాడు. హరీసా కారం లేకుండా రొట్టె ముట్టేవాడు కాదు. ఒకసారి మా టిఫిన్ డబ్బాలు మారిపోయి... సర్లే, అదింకో కథ. ఏమైందంటే, ఆ ఏడు మాకు గుండు తగలకుండా పలకలు పెట్టి కుట్టిన కొత్త చొక్కాలొచ్చాయి. దాని కింద నడుముకి బెల్టు. తుపాకీ, తూటాలు, లాఠీ, బేడీలు, ఇటుకంత వైర్‌లెస్ సెట్టు, అన్నీ కుడివైపే. చేతివాటం అది కదా, ఎవరూ ఆలోచించలా. అవన్నీ మోస్తూ పొద్దున్నుంచి ఎండ దిగేదాకా ఒక్కచోట నిలబడాలి. కొన్నాళ్ళకి వీడు ఊగడం మొదలుపెట్టాడు. చేపలమ్మే హత్తాబ్ అటు పోతూ, "ఏం సార్, ఇవాళ సముద్రం ఒడ్డెక్కిందా?" అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. ఒకరోజు ఎవరో పెద్ద ఆఫీసరొస్తే, సెల్యూట్ కొట్టబోయి తూలి ఆయన కారు మీదే పడ్డాడు. కమిషనర్ పిలిపించాడు. "డ్యూటీలో తాగుతావా?" అన్నాడు. జన్మలో చుక్క ముట్టినోడు కాదే వాడు. "నోరు వాసన చూడండి సార్" అన్నాడు. "వాసన రానివీ ఉంటాయిలే" అన్నాడాయన. విచారణ పెట్టారు, ఉద్యోగం ఊడేట్టుంది.

ఊరంతా పాకింది. కాఫీ కొట్లో వీడొచ్చి కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవాళ్ళు. ఆ శుక్రవారం మసీదులో నా పక్కనే నిలబడ్డాడు. నమాజయ్యాక నా మోచెయ్యి పట్టుకుని, "ఒరే సాలిమ్, నేనిప్పుడు ఊగానా?" అన్నాడు. లేదన్నాను. "నిజం చెప్పు." స్తంభంలా నిలబడ్డావురా అన్నా. "బెల్టు లేదు, చొక్కా లేదు, బూట్లూ లేవు" అని, అక్కడే మెట్ల మీద కూలబడి కుడిపాదం ఎత్తి చూపించాడు. మడమ పగిలి, ముందుభాగమంతా రాయిలా కాయ కాసుంది. ఎడమది బాగానే ఉంది. అప్పటిదాకా ఎవడికీ చూపించలా. పోలీసోడు కాళ్ళ నొప్పంటే నామోషీ కదా.

ట్యూనిస్‌లో డాక్టర్ జలీలా అని ఉండేది, ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పాదాలు చూసేది. ఆవిడ దగ్గరో పలక. దానిమీద నిలబడితే పాదం ఎక్కడ గట్టిగా నొక్కుతోందో అక్కడ తెరమీద ఎర్రగా పడేది, మనిషి ఎంత ఊగితే అంత గీత గీసేది. ఇద్దరం బస్సెక్కి పోయాం. "నాకు మందొద్దమ్మా, విచారణకి మీరొచ్చి ఒక్కమాట చెప్పండి" అన్నాడు. ఆవిడ వీడి మొహంలోకి చూసి, "ఎప్పుడు?" అంది. అంతే.

విచారణ రోజు ఆ పలక మోయించుకుని వచ్చింది. ముందు ఉత్తకాళ్ళతో నిలబెట్టింది. గీత చిన్న చుక్కంత. తర్వాత చొక్కా, బెల్టు తొడిగింది. గీత పిల్లి ఆడుకున్న దారపుండలా అయిపోయింది, కుడిపాదం ముందంతా ఎరుపు. "కావాలనే ఊగుతున్నాడేమో" అన్నాడు కమిషనర్. ఆవిడ కోప్పడలా. "అయితే ఇంకొకర్ని ఎక్కించండి" అంది. కుస్తీల్లో పతకాలు తెచ్చిన నిజార్ అని ఒకడుండేవాడు మాలో, వాడెక్కాడు. వాడికీ అంతే. నేనెక్కా, నాకూ అంతే. అప్పుడు కమిషనర్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, "ఆ బెల్టిలా ఇవ్వు" అన్నాడు. కాసేపు నిలబడి దిగాడు. మెడ తుడుచుకుని, "ఇది మోస్తూ రోజంతా ఎలా నిలబడ్డావయ్యా ఫర్జానీ?" అన్నాడు. వీడు గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

మర్నాడే గేటు దగ్గర కుర్చీ వేశారు, వంతులేసుకుని కూర్చునేవాళ్ళం. బెల్టు మీది సామాను రెండువైపులకీ సర్దారు, కొంత చొక్కాకి ఎక్కించారు. ఊగడం అసలే పోయిందనను, తగ్గింది. హత్తాబా? వాడు కొన్నాళ్ళు మొహం చాటేసి వేరే దారిన పోయాడు, తర్వాతొకనాడు బుట్టెడు చేపలు ఫర్జానీ గుమ్మంలో పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయాడు. వీడి కాలు మానడానికి వేసవంతా పట్టింది. ఆపైన కమిషనరే చెప్పి వీణ్ణి ట్రైనింగ్ స్కూలుకి పంపించాడు. చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు బెల్టు వీడే కట్టేవాడు. "కళ్ళు మూసుకో. ఎటు లాగుతోంది? సిగ్గుపడకు, నొప్పుంటే నొప్పని చెప్పు" అనేవాడు. ఎంతమందికి కట్టాడో లెక్కలేదు.

నిద్రలోనే పోయాడు. జనాజా పాడె మొయ్యడానికి ఎవరెవరో పోలీసు కుర్రాళ్ళొచ్చారు, ఒక్కడూ నాకు తెలీదు. ఎత్తబోతూ వాళ్ళలో ఒకడు ఆగి, అటూ ఇటూ చూసి, "నువ్వు పొట్టి, ముందుకి రా. పొడుగోళ్ళు వెనక్కి పొండి. మాస్టారు ఒక పక్కకి ఒరగకూడదు" అన్నాడు. అలా సర్దుకుని మోసుకుపోయారే, ఆ గోరీల కొండెక్కేదాకా ఎక్కడా ఊగ...

ఈ టీ చల్లారిపోయింది. ఇంకోటి పెట్టమను మీ నానమ్మని.