తోటలో మిగిలిన ఇద్దరు

ఇజ్రాయెల్‌లోని నిమ్మతోట నుంచి ఒక కూలీ ఫోను చేశాడు. థాయ్‌లాండ్‌లో, చచ్చిపోయిన అతని స్నేహితుడి తండ్రి ఎత్తాడు. కొడుకు శవం వచ్చింది, కాల్చడమూ అయింది. కానీ చచ్చిన చోటికి పోయి ఎవరూ పిలవలేదు గనక, వాడి ఆత్మ ఇంకా అక్కడే ఉందని ముసలాయన నమ్మకం.

“అగరొత్తి వెలిగించావా?”

“మూడుసార్లు వెలిగించాను బాబాయ్. ఆరిపోతోంది.”

“పేరు పెట్టి పిలవరా.”

“ ‘ప్రయూన్, ఇంటికి పోదాం రా’ అని గొంతు పోయేలా అరిచాను. రావడం లేదు.”

“నా మీద అలకా వాడికి?”

“కాదు. తనతోపాటే పోయిన సలేహ్‌ను వదిలి రాలేడేమో. రాకెట్ పడ్డప్పుడు ఇద్దరూ ఈ చెట్టు కిందే అన్నం తింటున్నారు.”

“ఆ అరబ్బువాడా? వాడికి తల్లి లేదూ? వచ్చి పిలుచుకోమను.”

“ఆవిడ సరిహద్దు గోడకు అవతల, పాలస్తీనా వైపు ఉంది. ఇటు రానివ్వరు.”

“వాళ్ల కొట్లాటలోనే కదరా నా కొడుకు పోయింది! ఇప్పుడు వాళ్లవాణ్ణి తెచ్చి నా ఇంట్లో పెట్టుకోమంటావా?”

“వాళ్లవాడూ అందులోనే పోయాడు బాబాయ్.”

ముసలాయన వంటింటి వైపు చూశాడు.

“మా ఇంట్లో పంది వండుతాం. తింటాడా?”

“ముట్టడు. ప్రయూన్ వాడికోసం వేరే గిన్నెలో చేప వండేవాడు.”

“గిన్నె సంగతి నేను చూసుకుంటాను. వాణ్ణీ పిలు.”

ఫోనులో రెండు పేర్లు వినబడ్డాయి. తర్వాత గాలి.

“బాబాయ్... అగరొత్తి ఆరకుండా నిలిచింది. నా వెనక అడుగుల చప్పుడవుతోంది.”

“తిరిగి చూడకు. నడు.”

ముసలాయన లేచి, తలుపు రెండో రెక్క కూడా తీశాడు.