కిటికీలకు బదులు ‘మీరు’

కరోనా వచ్చిన ఏడాది, డిసెంబరు. హాంబర్గ్‌లో ఇళ్ల వేడి వృథా పోకుండా సలహాలిచ్చే ఓ చిన్న కంపెనీలో, గాలి ఆడాలని కిటికీలు బార్లా తెరిచి, యజమానీ కొత్తగా చేరిన అమ్మాయీ కోట్లు వేసుకునే కూర్చున్నారు.

“చెల్లె, కస్టమర్లకు పంపిన చలికాలం ఉత్తరానికి హెడ్డింగ్ ఎవరు పెట్టిన్రు?”

“నేనే అన్నా. ‘మీరింకా గాంత్స్ డిష్టేనా?’ అని. జర్మన్ల గట్లంటే కిటికీలు సందుల్లేకుండ బిగుతుగ ఉన్నయా అని గదా.”

“కిటికీలని రాసినవా?”

“మీరు అని రాసిన. గౌరవంగుంటదని.”

“నీ గౌరవం పాడుగాను! మనిషిని పట్టుకొని ఆ మాటంటే, నీకు బుర్ర సక్కగుందా అని అర్థం. మూడువందల మందిని పేరు పెట్టి మరీ అడిగినం.”

“అయ్యో! అన్నా, శుక్రవారంతోని నా ప్రొబేషన్ అయిపోతది. మీరు తీసేస్తే, ఈ దేశంల ఉండనిచ్చే నా బ్లూ కార్డు గూడ గండంల పడ్తది.”

“పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు.”

“బాగా తిడుతున్నరా?”

“ఓ బడి హెడ్మాస్టరమ్మ చేసింది. ‘హీటర్లు ఫుల్లుగ పెడ్తం, కరోనా రూలని ఇరవై నిమిషాలకోసారి కిటికీలన్నీ తెరుస్తం. మీకు బుర్రుందా అని ఇన్నాళ్లకు ఒక్కరన్న అడిగిన్రు. జర వచ్చి ఏదన్న దారి చూపించున్రి’ అన్నది. అసొంటియి పదకొండు వచ్చినయ్.”

“అయితే నా ఉద్యోగం?”

“ఉంటది. కాకపోతే ఎవరన్న అడిగితే, ఆ హెడ్డింగ్ పెట్టింది నువ్వు గాదు, నేనని చెప్పు.”