ఒకటి దాటిన పవర్ ఫ్యాక్టర్

వైండింగ్ బాబాయ్ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఆ పూటకి చుట్టుపక్కల కొట్లలో పని సాగనట్టే. ముప్పై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుడుతున్న మనిషి. చేతులు ఎంత నెమ్మదో నోరు అంత జోరు. ఆయన మాటల్లో పావలా వంతు నిజం దొరికినా దొరికినట్టేనని టైలర్ అంటూ ఉంటాడు, అంటూనే సూది పక్కన పెట్టి అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు.

ఆ రోజు మాత్రం టీకొట్టావిడే బాబాయ్‌ని పిలిపించింది. రెండు రోజులుగా ఫ్రిజ్ చల్లబడటం లేదు, పాలు విరిగిపోతున్నాయి. పాత సామాన్ల బండివాడు పదకొండింటికి వస్తానన్నాడు. ఇచ్చేస్తే కొత్తది కొనే తాహతు లేదు. ఉంచుకుంటే రోజూ క్యానెడు పాలు పారబొయ్యాలి. పాలు లేని టీకొట్టు ఎవరిక్కావాలి? ఆమెకి రాత్రంతా నిద్ర లేదు. బాబాయ్ వచ్చి ఏదో ఒకటి తేల్చేస్తాడని ఒక్కటే ఆశ.

బాబాయ్ సంచిలోంచి అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లగ్గొకటి తీశాడు. కొట్టు వెనక గోడకున్న బోర్డు నుంచే పక్కనున్న ఇస్త్రీ కొట్టుకీ కరెంటు పోతుంది. వైర్ల చిక్కులో ఒక పిన్ను పీకి, తెల్ల ప్లగ్గు గుచ్చి, ఆ పిన్ను దాని నెత్తిన పెట్టి, ఫోను తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు.

"ఇది స్మార్ట్ ప్లగ్గమ్మాయ్. దీంతో పవర్ ఫ్యాక్టర్ ఫోన్లో చూస్తాను. అంటే ఏంటంటావా? నువ్వు పదిమందిని పనికి పిలిచావనుకో. ఆరుగురు పని చేశారు, నలుగురు ఊరికే కూర్చుని లేచెళ్ళిపోయారు. అప్పుడు పాయింట్ ఆరు. పదిమందీ ఒళ్ళొంచితే ఒకటి."

బల్ల మీదున్న నలుగురూ టీ గ్లాసులు పట్టుకుని కదలకుండా విన్నారు. ఆ లెక్కన ఆ బల్ల పవర్ ఫ్యాక్టర్ ఎంతో అడక్కపోవడమే మర్యాద.

"ముందు మా ఇంట్లో ఫ్యానుకి పెట్టి చూశాను," అన్నాడు బాబాయ్. "పాయింట్ ఏడు. చిన్న కెపాసిటర్ ఒకటి తగిలించాను, పాయింట్ తొమ్మిది. ఇంకోటి తగిలించాను, పాయింట్ తొంభై తొమ్మిది. ఎవడైనా అక్కడ ఆగిపోతాడు. నేను ఆగుతానా?"

"నువ్వెందుకాగుతావు," అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఆగలేదు! మూలన పడున్న పాత కెపాసిటర్లు బకెట్టెడు తెచ్చి వరసగా కట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకటీ పాయింట్ నాలుగు!"

"ఒకటి దాటదేమో కదా బాబాయ్?" అన్నాడు టైలర్.

"దాటదని పుస్తకాల్లో రాశార్రా. రాసినవాడు మా ఇంటికొచ్చాడా? ఒకటి దాటిందంటే అర్థమేంటి, పదిమందిని పిలిస్తే పద్నాలుగు మంది పని చేశారు! ఫ్యాను కరెంటు తీసుకోవడం మానేసి ఇవ్వడం మొదలెట్టింది. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయి. ఎదురింటి ముసలాయన రేడియోకి తీగ ఊడిపోయి ఆరేళ్ళయింది, అది గొంతు సవరించుకుని వార్తలు చదివింది!"

టైలర్ నోరు తెరిచాడు. టీకొట్టావిడ పొయ్యి తగ్గించింది, ఒక్క మాట జారిపోకూడదని.

"రెండు దాటింది, మూడు దాటింది. సబ్‌స్టేషన్ నుంచి ఆఫీసరు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. 'అయ్యా, కరెంటు వెనక్కొస్తోంది, మా ట్రాన్స్‌ఫార్మర్లు వద్దు బాబోయ్ అంటున్నాయి, తమరు తగ్గించుకోవాలి' అని నా చేతులు పట్టుకున్నాడు. నేనేమన్నాను? 'ముందు టీ తాగు' అన్నాను. అతను తాగేలోపు ఏడు దాటింది."

"ఏడే!" అంది టీకొట్టావిడ. ఆమె చూపు ఫోను మీదే ఉంది. అందులో 1.00 అని నిలకడగా వెలుగుతోంది. మధ్యమధ్యలో సున్నాకి పడి మళ్ళీ లేస్తోంది. "ఇదేంటి బాబాయ్, పడి లేస్తోంది?"

"నీ ఫ్రిజ్ ఊపిరి తీసుకుంటోందమ్మా. కదిలించకు. ఆఁ, ఎక్కడున్నాను? ఏడు. ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? పుట్టిన చోటికే! తీగలెంబడి కొండల్లోని డ్యాముకి పోయింది. అక్కడి చక్రాలు వెనక్కి తిరిగాయి. కిందికి దూకిన నీళ్ళు తలొంచుకుని మళ్ళీ పైకెక్కాయి. చేపలు ఎటు పోతున్నామో తెలీక ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్యాము నిండింది, చోటు చాల్లేదు, నీళ్ళు ఇంకా పైకి... పైపైకి... మబ్బుల్లోకి పోయాయి. నా కళ్ళారా చూశాను. వాన పైకి కురిసింది!"

వ్యాను డ్రైవరు తలెత్తి ఆకాశం వైపు చూశాడు. కోతలని టీకొట్టావిడకి తెలియక కాదు. కానీ రెండు రోజులుగా దిగులు తిని బతుకుతున్న మనిషికి, నీళ్ళు కొండెక్కడం కళ్ళకి కట్టినట్టు కనబడితే, ఒక్క ఫ్రిజ్ చల్లబడటం పెద్ద విషయమేం కాదనిపించింది.

బాబాయ్ ఫోను చేతికి తీసుకున్నాడు. "చూడు, నేను చెయ్యి పెట్టానో లేదో, పూర్తిగా ఒకటి! వెయ్యి వాట్లు! నీ ఫ్రిజ్ గుర్రంలా ఉందమ్మాయ్. రోగం ఫ్రిజ్‌ది కాదు, పాలవాడిది. బండివాణ్ణి తిరిగిపొమ్మను."

ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా తండ్రే, గట్టెక్కించావు బాబాయ్," అని అప్పుడే వచ్చిన పాల క్యాను ఎత్తి ఫ్రిజ్ తలుపు తీసింది.

"ఆగవే అమ్మాయ్," అంది ఇస్త్రీ పెద్దమ్మ.

పక్క కొట్టులో, నడుమెత్తు గోడకి అవతల, ఆవిడ పొద్దుట్నుంచీ చొక్కాలు రుద్దుతూ అంతా వింటూనే ఉంది. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి స్విచ్చి కట్టేసింది. ఫోనులో సున్నా. మళ్ళీ వేసింది. ఒకటి. కట్టేసింది. సున్నా.

"ఇంతసేపూ ఊపిరి తీసుకుంది ఇదే," అంది ఇస్త్రీ పెట్టె చూపించి. "నీళ్ళని మబ్బెక్కించినవాడివి, రెండు పిన్నుల్లో ఏది ఎవరిదో చూసుకోలేకపోయావా మరిదీ?"

బల్ల బల్లంతా ఘొల్లుమంది. టైలర్ నవ్వలేక గోడ పట్టుకున్నాడు. "వేడి చేసే వస్తువులకి ఎప్పుడూ ఒకటేలే," అని బాబాయ్ గొణిగాడు గానీ ఎవరికీ వినిపించలేదు.

టీకొట్టావిడ మాత్రం నవ్వలేదు. క్యాను కింద పెట్టింది. "పిన్ను మార్చు బాబాయ్," అంది.

మార్చాడు. అంకె పాయింట్ నాలుగు దగ్గర ఒక్క క్షణం మెరిసింది, ఫ్రిజ్ వెనక టిక్కుమంది, అంతా సున్నా. బాబాయ్ నేల మీద మోకరిల్లి, ఫ్రిజ్ వెనక చెవి ఆనించాడు. మళ్ళీ టిక్కుమంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నిజం చెప్పు బాబాయ్. బతుకుతుందా?"

"తెలీదమ్మా," అన్నాడు. "లేవాలని చూస్తోంది, లేవలేకపోతోంది. మోటారుని లేపడానికి బయటున్న చిన్న రిలే పోయుంటే సాయంత్రానికి బాగుచేస్తాను. లోపల చుట్టు కాలిపోయుంటే, అది సీలేసిన డబ్బా, నావల్ల కాదు. విప్పితే గానీ చెప్పలేను."

ఇన్నేళ్ళలో ఆయన నోట తెలీదన్న మాట ఆమె వినడం అదే మొదలు. డ్యాము నీళ్ళు పైకెక్కినప్పుడు కూడా ఆమెకి ఇంత నమ్మకం కలగలేదు.

వీధి మలుపులో పాత సామాన్ల బండి గంట వినబడింది. బండివాడు కొట్టు ముందు ఆగి, "ఫ్రిజ్ దించమంటావా అక్కా?" అన్నాడు.

"ఇవాళ కాదు," అందామె, పాలన్నీ పెద్ద గిన్నెలో పోసి పొయ్యి మీద పెడుతూ. బాబాయ్ అప్పటికే స్క్రూడ్రైవర్ తీసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, మొదటి మర విప్పుతున్నాడు.